ఇరవై మూడో స్తంభం సెలవు

ఏటి మీది వంతెనలో ఇరవై మూడో స్తంభంగా ఉన్న జైబున్నీసా మూడు రోజులు సెలవు కావాలని అర్జీ పెట్టుకుంది. కారణం అనే గడిలో ‘కూతురి కాన్పు’ అని రాయించింది. స్తంభాల అర్జీలన్నీ అంతవరకూ నడుము నొప్పి గురించే కాబట్టి, సహాయ ఇంజనీరు శ్రీకంఠయ్య దాన్ని రెండుసార్లు చదివాడు.

ఈ వంతెన కోసం ప్రభుత్వం సుకూక్ పత్రాలు అమ్మింది. అవి అప్పు పత్రాలు కావు, వాటికి వడ్డీ ఉండదు. కొన్నవాళ్లకు వంతెనలో వాటా ఉంటుంది. ఆ వంతెనను ప్రభుత్వమే వాడుకుని వాళ్లకు అద్దె ఇస్తుంది. వడ్డీ ముట్టకూడదని బ్యాంకు గడప తొక్కని జైబున్నీసా, కుట్టుమిషను మీద కూడబెట్టినదంతా తెచ్చి ఇందులో పెట్టింది. నిబంధన ఒక్కటే, పత్రం వెనక నిజమైన వస్తువు ఉండాలి. తనిఖీ బృందం వచ్చి గట్టున నిలబడి, వస్తువేదని అడిగింది. వంతెన ఇంకా కట్టలేదు. ఆ పూటకు పత్రాలున్నవాళ్లంతా ఏట్లోకి దిగి వరసగా నిలబడి చేతులెత్తితే, పైన పలకలు పరిచారు. బస్సు దాటింది. ఉన్న వంతెన బాగుంది కనుక కొత్తది కట్టే ఆలోచనను ప్రభుత్వం విరమించుకుంది. అది పోయిన ఏడాది మాట.

మొదట్లో చేతులు లాగేవి. తర్వాత లాగడం మానేశాయి. ఈ మధ్య చేపలొచ్చి పాదాలను గీరితే సిమెంటు పొడి రాలుతోంది.

“నువ్వు చెయ్యి తీస్తే బస్సు నా నెత్తిన పడతాది గదక్కా,” అన్నాడు పక్కనున్న ఇరవై రెండో స్తంభం గంగులప్ప. “పోయేటప్పుడు ఒక కేకెయ్, తలగుడ్డన్నా చుట్టుకుంటా.”

“తలగుడ్డ దేనికిరా, నీ తలకాయ ఎప్పుడో సిమెంటైపాయ. బిడ్డకు ఘుట్టీ పెట్టొస్తా, నాకంతే చాలు.”

పుట్టిన బిడ్డ నాలుక మీద మొదటి తేనెచుక్క రాయడాన్ని ఘుట్టీ అంటారు. ఎవరు రాస్తే వాళ్ల గుణం బిడ్డకు వస్తుందని వాళ్లలో నమ్మకం. కూతురు షాహీన్ అత్తగారి నోటికి వీధి వీధంతా జడుస్తుంది. జైబున్నీసా దిగులంతా అదే.

మంగళవారం మధ్యాహ్నం శ్రీకంఠయ్య తెప్ప మీద వచ్చాడు.

“మంజూరైందమ్మా. ఈ మూడు రోజులూ వంతెన లేదని బోర్డు పెట్టిస్తాం. నువ్వు పోవచ్చు.”

ఆమె కుడి చెయ్యి దించబోయింది. అప్పుడే ఆటో ఒకటి పలకల మీదికి ఎక్కింది. అందులోంచి వస్తున్న మూలుగు ఎవరిదో ఆమెకు తెలుసు. ఆసుపత్రి అవతలి గట్టున ఉంది. ఆమె చేతిని మళ్లీ పలక కింద ఆనించింది.

“అమ్మీ!”

“ఉండాను తల్లీ. పో, పో.”

ఆటో ఆమె అరచేతుల మీదుగా వెళ్లిపోయింది. మంజూరైన సెలవును వాడుకోలేదని శ్రీకంఠయ్య రిజిస్టరులో రాసుకున్నాడు.

“మళ్లీ పెట్టుకోవచ్చా సార్?”

“వాడుకోలేదంటే అవసరం లేదనే కదమ్మా,” అన్నాడతను మర్యాదగా.

మూడో రోజు పొద్దున షాహీన్ ఆటో ఆపించి, బిడ్డతో వంతెన మీద కూర్చుంది. శ్రీకంఠయ్య అక్కడే పలకలు లెక్కపెట్టుకుంటున్నాడు. జైబున్నీసాకు ఇంకా వంగేది ఒక్క చూపుడువేలే. దాన్ని పలకల సందులోంచి పైకి పెట్టింది. షాహీన్ ఆ వేలికి తేనె అద్ది, బిడ్డ నోటిని దాని దగ్గరికి వంచింది.

“అత్తమ్మ అలిగిందమ్మీ, తానే పెడతానని.”

“అలగనీ. పిల్లదానికి నా ఓర్పు వస్తే చాలు.”

గరుకు వేలిని చప్పరించి కూడా బిడ్డ ఏడవలేదు. కాసేపటికి నిద్రపోయింది. రెండు చేతులూ చెవుల పక్కన పైకెత్తి ఉన్నాయి. పక్కనుంచి బస్సు పోయినా అవి కదలలేదు. జైబున్నీసా సందులోంచి చూస్తూనే ఉంది. శ్రీకంఠయ్య కూడా చూశాడు.

“పేరు పెట్టారా?”

“ఇంకా లేదు సార్,” అంది షాహీన్.

“పర్లేదమ్మా.” రిజిస్టరులో ఇరవై మూడో స్తంభానికి ఎదురుగా, తర్వాతివారు అనే గడిలో ‘ఆడశిశువు’ అని రాసుకున్నాడు.

గాలి చల్లగా ఉంది. షాహీన్ బిడ్డకు దుప్పటి చుట్టింది, చేతులు మాత్రం కిందికి రాకుండా.