దాచుకున్న బూట్లు

మార్చి పందొమ్మిది. మెక్సికోలోని ప్యూబ్లాలో ఒంటరిగా ఉండే ఫెర్మీన్ మేష్టారు ఆ పొద్దున నల్ల చిక్కుళ్లు, నిన్నటి తోర్తియా రొట్టెలు తిని, మంచం కిందనుంచి అట్టపెట్టె బయటికి లాగాడు. పిల్లి వచ్చి వాసన చూసింది.

గోధుమరంగు బూట్లు. భార్య రెమెదియోస్ పోయే ముందు కొన్నవి. "మంచిరోజు చూసి ఎస్త్రెనార్ చెయ్యి" అంది. కొత్త చొక్కా తొడిగినా, కొత్త బాణలిలో తొలిసారి వండినా, కొత్త ఇంట్లో కాలుపెట్టినా స్పానిష్‌లో ఆ ఒక్క క్రియే. బడిలో ఏళ్లతరబడి దాన్ని నేర్పిన మేష్టారికి, ఆమె పోయాక ఆ పని మాత్రం చేతకాలేదు.

ఇవాళ ఆమె పుట్టినరోజు. బూట్లు తొడుక్కెళ్లి సమాధి దగ్గర చూపించి, గీత పడకుండా తెచ్చి మళ్లీ పెట్టెలో పెట్టెయ్యాలనుకున్నాడు.

మెట్లమీదే పక్కింటి చోలె ఎదురైంది. "అబ్బో, కొత్తవే!" అంటూ ఎడమ బూటును గట్టిగా తొక్కింది. కొత్త బూట్లను తొక్కి శుభం పలకడం ఆ ఊరి ఆనవాయితీ.

"అయ్యో, తొక్కకమ్మా!"

"తొక్కితేనే అచ్చొస్తాయి. సాయంత్రం విందు మీదే, మేష్టారూ!"

మూల తిరగ్గానే ఆయన రెండు బూట్లకూ ప్లాస్టిక్ సంచులు కట్టుకున్నాడు. బస్సులో ఒకావిడ గబుక్కున లేచి సీటిచ్చింది.

"కాళ్లకేమైంది తాతా? షుగరా?"

"ఏం లేదమ్మా."

"మా బావా ఇలాగే ఏం లేదన్నాడు. ఇప్పుడు కర్ర పట్టుకున్నాడు."

వెనకనుంచి ఒకాయన కలబంద రాయమన్నాడు. ఇంకొకాయన రాస్తే చస్తాడన్నాడు. డ్రైవర్ బస్సును ఆసుపత్రి దారి పట్టించబోయాడు.

"కొత్త బూట్లు!" అని అరిచాడు మేష్టారు.

 డ్రైవర్ బండి పక్కకు ఆపి, లేచి వచ్చి, సంచులు విప్పించి, మర్యాదగా తొక్కాడు. ఆయన వెనక ప్రయాణికులంతా వరస కట్టారు.

సమాధి దగ్గర మేష్టారు తలెత్తలేదు. "ఒక్క పూటైనా కాపాడలేకపోయాను, రెమెదియోస్." అప్పుడు తట్టింది: పొద్దున మడమలు కరిచిన బూట్లు ఇప్పుడు కరవడం లేదు. ఆమె ఎప్పుడూ ఒక సైజు తక్కువే కొనేది. 'వాడితే అవే సాగుతాయి' అనేది.

సాయంత్రం చోలె మరో నలుగురితో వచ్చింది, చేతిలో తీపిరొట్టెల బుట్టతో.

"విందు నాదన్నావుగా?"

"మీ వంట మాకు తెలీదా? కప్పులు తియ్యండి, చాలు."

ఆయన రెమెదియోస్ దాచిన పింగాణీ కప్పులు తీశాడు. అవీ కొత్తవే. ఆ బల్ల చుట్టూ నవ్వులు విని చాలాకాలమైంది.

అందరూ వెళ్లాక, రేపటికి బూట్లను గుమ్మం పక్కనే విడిచి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు. ఖాళీ అయిన పెట్టెను పిల్లి అప్పటికే ఎస్త్రెనార్ చేసింది.