కుండీలకు కట్టిన నీడ

ఎండ ఎంత ముదిరితే మనిషిలో దయ అంత పండుతుంది! నవ్వకండి. మా అపార్ట్‌మెంట్ కమిటీ సెక్రటరీగా కళ్ళారా చూసి చెబుతున్నాను.

మా గేటు పక్కన నలభై పూలకుండీలున్నాయి. అన్నీ నల్ల ప్లాస్టిక్‌వి. నేలలో నాటిన మొక్కకేం, వేరు లోతుకు దించుకుని చల్లగా బతికేస్తుంది. కుండీలో మొక్క ఎక్కడికి పోతుంది? మట్టి కాగి వేళ్ళు ఉడికిపోవూ?

ఈ మాట మా ట్రెజరర్ పిన్నిగారు మీటింగులో అనేసరికి సగంమందికి కళ్ళు చెమర్చాయి. ఏసీ హాల్లో రెండు గంటలు చర్చించాం. కుండీలకు తెల్లరంగు వేయించాం. పైన గ్రీన్ నెట్ కట్టించాం. చుట్టూ తడి గోనెలు చుట్టించాం. అదీ దయంటే!

తర్వాతి మీటింగులో తలుపు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మగారూ, ఆ నెట్టేదో ఇంకో రెండు గజాలు గేటువైపు లాగిస్తే నా కుర్చీ కూడా..."

"నీకేమయ్యా, నెత్తిన టోపీ ఉందిగా!" అన్నారు పిన్నిగారు.

"అదీ నల్లదేనండీ."

ఎంత చమత్కారి! అందరం హాయిగా నవ్వుకున్నాం. నవ్వడం అయ్యాక, నెట్ అందని చివరి వరుస మందారాలకు పడమటివైపున రోజూ మూడింటికి అతను నిలబడాలని తీర్మానించాం. మనిషి నీడ ఊరికే నేలపాలవుతోంది కదా, మొక్కల మీద పడితే పోయేదేముంది?

వారం రోజులు నిలబడ్డాడు. మందారాలు నవనవలాడాయి. ఎనిమిదోనాడు తాళాలగుత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నర్సరీలో కాపలా పని దొరికింది సార్. అక్కడ నెట్టు కిందే కుర్చీ వేశారు."

"ఇంత చిన్న విషయానికే వెళ్ళిపోతావా?"

"చిన్నదే సార్. మీరూ ఓ గంట నిలబడి చూడండి."

చూశారా విశ్వాసం! కొత్తమనిషి దొరికేదాకా కమిటీవాళ్ళమే వంతులు వేసుకున్నాం. మొదటి వంతు సెక్రటరీది. అంటే నాదే.

ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ఐదు నిమిషాలకు మాడు చుర్రుమంది. పది నిమిషాలకు చెప్పుల కింద సిమెంటు పెనమైంది. పదిహేనో నిమిషంలో అటూ ఇటూ చూసి, నెట్ కింద దర్జాగా ఉన్న గులాబీ కుండీని ఎండలోకి జరిపి, ఆ ఖాళీలో చతికిలబడ్డాను.

వెంటనే బాల్కనీలోంచి పిన్నిగారి కేక!

"అయ్యయ్యో, పాపం ఎండలో మాడిపోతోందండీ! మీకసలు మనసెలా ఒప్పింది?"

వారం రోజులపాటు ఆ బాల్కనీలోంచి ఈ కేక ఒక్కసారైనా ఎందుకు రాలేదో, నా నోట మాత్రం ఎందుకు రాలేదో, నెట్ కింద చల్లగా కూర్చుని ఆలోచిస్తున్నాను.