ఏకగ్రీవ భుజం

కామ్రేడ్ కూర్మయ్య కుడి భుజం ఆయన సొంత ఆస్తి కాదనీ, యావత్తు శ్రామికవర్గానిదనీ గార్డెన్ రీచ్ రేవు కూలీల సంఘం 2006లో గంభీరంగా తీర్మానించింది. ఆస్తి వర్గానిదే అయినా నొప్పి మాత్రం కూర్మయ్యకే వచ్చేది.

శ్రీకాకుళం నుంచి వచ్చి రేవులో బస్తాలు మోసిన మనిషి ఆయన. సంఘ నాయకుడయ్యాక బస్తా దించి పిడికిలి ఎత్తాడు. నినాదాలిచ్చీ ఇచ్చీ భుజం అరిగిపోయిందని కమిటీ సగర్వంగా ప్రకటించింది. డాక్టరు మాత్రం కీళ్లవాతం అన్నాడు.

"ఇన్నేళ్లూ గాలి కబుర్లు సెప్పేనే దాలమ్మా, వాతం రాక ఏటొస్తాది?" అని భార్య దగ్గర తనమీద తానే నవ్వుకున్నాడు కూర్మయ్య.

నవ్వినంత మాత్రాన చెయ్యి లేవలేదు. ఊరేగింపుల్లో ఆయన పిడికిలి నడుం దగ్గరే ఆగిపోయేది. నాయకుడు పంచె జారకుండా పట్టుకున్నాడు కాబోలని కొత్తవాళ్లు అనుకునేవారు.

"కీలు మొత్తం తీసెయ్యం. అరిగిన ఎముక గుండును నున్నగా చెక్కి, పైన లోహపు టోపీ పెడతాం," అన్నాడు డాక్టరు.

"పెట్టండి డాక్టర్‌బాబూ. నేను జనానికి ఎన్ని పెట్టలేదు!"

తీరా ఆ టోపీ అమెరికాదని తేలింది. కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. అమెరికా లోహంతో ఎర్రజెండా ఎత్తవచ్చునా? టీ మూడుసార్లు తిరిగాక బెంగాలీ కార్యదర్శి హరిసాధన్ బాబు దారి చూపాడు: "సామ్రాజ్యవాదాన్ని దాని లోహంతోనే కొడదాం!" చప్పట్లు మోగాయి.

ఆపరేషన్ బాగా జరిగింది. తరవాత పని దాలమ్మది. రోజూ మొగుణ్ని గోడ ముందు నిలబెట్టి, గోడమీద వేళ్లు పైకి పాకించేది. "ఇంకాస్త లెగ్గొట్టయ్యా, సచ్చిపోవులే!" అని గదమాయించేది. ఒకనాడు ఆయన చెయ్యి చాపి అటకమీది ఆవకాయ జాడీ తనే దించాడు. దాలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆ వారమే కబురు తెలిసింది. కూలీ లైన్లు పడగొట్టి కంటైనర్ యార్డు కడతారట. వాళ్ల ఇల్లూ ఆ లైన్లలోదే.

"నీ సంగమే ఒప్పుకుంటాదంట. నువ్వేటి సేస్తావు?" అంది దాలమ్మ.

"అడ్డంగా మాటాడతాను," అన్నాడు. సంఘంలో అలా ఎన్నడూ మాట్లాడలేదు.

సమావేశంలో హరిసాధన్ బాబు కార్మిక సంక్షేమం కోసమే కార్మికుల ఇళ్లు తీసేస్తున్నట్టు చదివి వినిపించాడు. మాట్లాడడానికి అనుమతి కోరుతూ కూర్మయ్య లేచి, కుడిచెయ్యి నిటారుగా ఎత్తాడు.

"దాదా, నాకు…"

"చూడండి! అందరికంటే ముందు, అందరికంటే ఎత్తున మన కూర్మయ్య దాదా చెయ్యి!" అని హరిసాధన్ బాబు గర్జించాడు. హాలంతా చప్పట్లు. చేతులన్నీ లేచాయి. తీర్మానం ఏకగ్రీవం.

"దాదా, నేను ఒప్పుకోను…" అన్నాడు కూర్మయ్య. చప్పట్లలో అది ఆయనకే వినిపించలేదు. ఫొటో తీసేదాకా చెయ్యి దించవద్దన్నారు. దించలేదు. నొప్పి కూడా లేదు.

గుమ్మంలోనే దాలమ్మ అడిగింది: "ఏటయ్యా, సెయ్యి లెగిసిందా?"

"బాగా లెగిసిందే," అన్నాడు కూర్మయ్య. "సామాన్లు సర్దు."