అన్ని దీవులకూ ఒకే మంచు

"ఇకనుంచి పొద్దున్న తొమ్మిదింటికి ఈ దేశంలో ఏ దీవిలో ఏ పిల్ల నోరు తెరిచినా ఒకే మాట రావాలి!" అని విద్యాశాఖ మంత్రి గౌరవనీయ తారివుతిగారు జాతీయ దినోత్సవం నాడు రేవు దగ్గర వేదిక మీది నుంచి ప్రకటించారు. ఆ మాట ఏమిటో మాత్రం చెప్పలేదు. గొప్ప నాయకులు మాట ఇస్తారు. ఆ మాటలో ఏముండాలో వెతకడానికి సిబ్బంది ఉంటారు.

ఆ సిబ్బంది పేరు లెయిమాసి. ప్రభుత్వ బడులకు పాఠాలు రాసే విభాగంలో ఆమె ఒక్కతే అధికారి, ఆమె ఒక్కతే గుమాస్తా. ఫ్యాను తిరగనప్పుడు దాన్ని కర్రతో పొడిచేదీ ఆమే.

నిజానికి మంత్రిగారి మాటలో న్యాయం ఉంది. లెయిమాసి పుట్టిన మలోవా దీవిలో ఒకే గుట్ట మీద రెండు బడులు. ఒకటి ఇంగ్లీషు బడి, ఒకటి ఫ్రెంచి బడి. ఆ రెండు దేశాల దొరలూ కలిసి ఈ దేశాన్ని ఏలిన రోజుల్లో చెరొకటి కట్టి, మధ్యలో కంచె వేశారు. వెళ్ళిపోయేటప్పుడు జెండాలు పట్టుకుపోయారు గాని కంచె మరిచిపోయారు. అన్న ఇటు బడికి, తమ్ముడు అటు బడికి. ఇంటికొస్తే ఇద్దరూ ఒకే ఆకులో కాల్చిన దుంపల ముద్ద, లాప్‌లాప్, తింటారు, ఒకే భాషలో తిట్టుకుంటారు. పుస్తకాలు తెరిస్తే మాత్రం ఒకడి లెక్క ఇంకొకడికి అర్థం కాదు. అందుకని "ఒకే దేశం, ఒకే పుస్తకం" అని విన్నప్పుడు లెయిమాసి నిజంగానే చప్పట్లు కొట్టింది.

ఆ పుస్తకానికి మొదటి పాఠం కూడా ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. తుఫాను పాఠం. మూడేళ్ళ కిందట మలోవా మీదికి పెద్ద తుఫాను వచ్చినప్పుడు గాలి మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎండ కూడా కాసింది. అయిపోయిందనుకుని లెయిమాసి పిన్ని కోళ్ళను వెతకడానికి బయటికి వచ్చింది. అప్పుడు గాలి రెండో వైపు నుంచి వచ్చింది. గాలి అలా ఆగి మళ్ళీ వస్తుందని ఆమెకు ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు.

ఉమ్మడి పాఠ్యపుస్తక సంఘం మొదటి సమావేశం మంత్రిగారి అధ్యక్షతన, మంత్రిగారి చేపల వేపుడు నడుమ జరిగింది. ఇంగ్లీషు బడుల తరఫున ఎనోస్‌గారు, ఫ్రెంచి బడుల తరఫున గస్తోన్‌గారు, చర్చి తరఫున పాస్టరుగారు, దీవుల పెద్దల తరఫున తన్‌బిలి దీవి పెద్ద మల్తుంగ్ వచ్చారు. చలిదేశం వాళ్ళు సాయంగా పంపిన హెన్రిక్ అనే సలహాదారు ఒక మూల కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు.

"మొదటి పాఠం పంది మీద పెడదాం. పంది లేని దీవి ఉందా మనకి?" అన్నారు ఎనోస్‌గారు.

"మా చర్చి శాఖలో పంది తినరు. పిల్లలు దాన్ని చదివితే నోట్లో నీళ్ళూరతాయి. వద్దు" అన్నారు పాస్టరుగారు.

"అయితే అగ్నిపర్వతం" అన్నారు గస్తోన్‌గారు.

మల్తుంగ్ పెద్ద కర్ర నేలకేసి కొట్టాడు. "అగ్నిపర్వతం కథ మాది. మా తాతలది. వేరే దీవి పిల్లలు చదవాలంటే వంకర కోరల పందులు పది తోలండి."

"పంది వద్దని ఇప్పుడే తీర్మానించాం కదా పెద్దాయనా!"

"పాఠంలో వద్దన్నారు. జరిమానాలో వద్దనలేదు."

కందగడ్డకు చేమదుంప దీవులవాళ్ళు ఒప్పుకోలేదు. చేమదుంపకు కందగడ్డ దీవులవాళ్ళు ఒప్పుకోలేదు. పడవను ఎటు తిరిగి ఉన్నట్టు బొమ్మ వెయ్యాలన్న దగ్గర మధ్యాహ్నం గడిచిపోయింది. చివరికి లెయిమాసి లేచి తన పాఠం చదివింది. తుఫాను అయితే అందరి మీదికీ వస్తుంది కదా, దానికి దీవుల మధ్య తేడాలేం లేవు కదా అని ఆమె ధీమా.

"మాట బాగుంది" అన్నారు ఎనోస్‌గారు. "ఇంగ్లీషులో సైక్లోన్ అంటాం."

"సిక్లోన్" అని సరిదిద్దారు గస్తోన్‌గారు.

"రాసేది ఒకటే కదండీ!"

"రాసేది ఒకటే. అందుకే మీరు తప్పు పలకడం ఇంకా బాధగా ఉంది."

మల్తుంగ్ పెద్ద మళ్ళీ కర్ర కొట్టాడు. "గాలి మా వంశం రాయిలో ఉంటుంది. పిలిస్తే వస్తుంది. గాలి మాది."

"అయితే మూడేళ్ళ కిందటి గాలిని మీరే పిలిచారా, తాతా?" అంది లెయిమాసి.

పెద్దాయన ఇబ్బందిగా కదిలాడు. "అది... ఎవడో దొంగతనంగా పిలిచాడమ్మా."

మంత్రిగారు చేతులు తుడుచుకుని, లెయిమాసిని పక్కకు పిలిచారు. "అమ్మాయ్, తుఫాను అన్న మాటే వద్దు. ఆ మాట వింటే జనానికి బియ్యం గుర్తొస్తుంది." పోయిన తుఫానుకు సాయంగా వచ్చిన బియ్యం ఏ దీవికి చేరిందన్న విషయంలో పండితుల మధ్య ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

మంత్రిగారు సంఘం వైపు తిరిగి నిస్పృహగా అడిగారు. "మనలో ఎవరిదీ కానిది ఏదైనా ఈ లోకంలో ఉందా?"

అప్పుడు మంత్రిగారికి జ్ఞానోదయమైంది. నెలకిందట ఆయన చలిదేశంలో విద్యా సదస్సుకు వెళ్ళారు. ఫోను తీసి ఫొటో చూపించారు. తెల్లటి మైదానం, మధ్యలో చెప్పులతో మంత్రిగారు.

"మంచు!"

"మాది కాదు" అన్నాడు మల్తుంగ్ పెద్ద వెంటనే. పాస్టరుగారికి అభ్యంతరం లేదు, దేవుడి గ్రంథంలో మంచు ఉంది. ఎనోస్‌గారూ గస్తోన్‌గారూ దాన్ని ఎలా పలకాలో ఇద్దరికీ తెలియదు కనుక గొడవపడలేదు. దేశ చరిత్రలో మొదటిసారి ఒక తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి.

"అమ్మాయ్, సోమవారానికి మంచు పాఠం రాసి పట్రా."

లెయిమాసి జన్మలో మంచు చూడలేదు. చేపల బజారులో ఐసుగడ్డ చూసింది, అంతే. ఆదివారం సాయంత్రం దాకా తెల్ల కాగితం ముందు కూర్చుంది. తరువాత తన పాత పాఠం తీసి, తుఫాను అని ఉన్నచోటల్లా మంచు అని రాసింది. ఇంకో అక్షరం ముట్టుకోలేదు.

సోమవారం సంఘం ముందు పాఠం చదివింది. "మంచు వచ్చే ముందు సముద్రం రంగు మారుతుంది. అప్పుడు ఇంటికప్పును తాళ్ళతో బిగించాలి. ముసలివాళ్ళను ముందు రాతి గోడల చర్చిలోకి తీసుకుపోవాలి. కొబ్బరిచెట్ల కింద నిలబడరాదు. మంచు మధ్యలో ఆగిపోతుంది. అయిపోయిందని బయటికి రారాదు. మంచు రెండో వైపు నుంచి మళ్ళీ వస్తుంది."

"కళ్ళకు కట్టినట్టుంది!" అన్నారు గస్తోన్‌గారు. "ఫ్రెంచి కొండల్లో అచ్చం ఇంతే. మా తోడల్లుడు చెప్పాడు."

"రెండో వైపు నుంచి రావడం నేను స్వయంగా చూశాను. అక్కడే జారిపడ్డాను" అన్నారు మంత్రిగారు.

హెన్రిక్ నెమ్మదిగా చెయ్యెత్తాడు. "మా ఊళ్ళో... కొబ్బరిచెట్లు ఉండవు."

"మనకి ఉన్నాయి కదయ్యా. పాఠాన్ని మన నేలకి తగ్గట్టు మలిచింది మా అమ్మాయి. దీన్నే మీవాళ్ళు సదస్సులో మూడు రోజులు చెప్పారు!"

హెన్రిక్ లెయిమాసి వైపు చూశాడు. ఆమె కూడా కళ్ళు దించకుండా చూసింది. అతను కాసేపు కలం తిప్పి సంతకం పెట్టేశాడు.

అందరికీ వచ్చిన వాడుక భాషలో పుస్తకం అచ్చయింది. పొద్దున్న తొమ్మిదింటికి రేడియోలో పాఠం మొదలయ్యేది. లెయిమాసి చెల్లెలు లెయివియా మలోవాలో ఇంగ్లీషు బడి పంతులమ్మ. వారం తిరక్కుండానే ఆమె ఫోను చేసింది.

"అక్కా, ఏం పాఠమే అది! కంచెకి అటూ ఇటూ రెండు బడులూ ఒకేసారి అరుస్తున్నాయి. 'మంచు ఆగినా రావద్దు, రావద్దు' అని తొక్కుడు బిళ్ళలో కూడా అదే పాట. పిల్లలు మంచంటే ఏంటని అడుగుతున్నారు."

"ఏం చెప్పావ్?"

"పెద్ద చప్పుడు చేస్తుందన్నాను. తప్పా?"

"కాదులే. అలాగే చెప్పు."

వానకాలం నడిమధ్యన గాలి వచ్చింది. రేడియోలో వాతావరణ శాఖవారు అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పారు. మలోవాలో ఎవరికీ ఏమీ బోధపడలేదు. ఆ పైన రేడియో మూగబోయింది. ఫోన్లు ఆగిపోయాయి. రాజధానిలో లెయిమాసి నాలుగు రోజులు ఏమీ తినలేకపోయింది. పాఠంలో ఇంకేం రాసి ఉండాల్సిందో తలుచుకుంటూ కూర్చుంది. ఐదో రోజున చెల్లెలి గొంతు వినబడింది.

"అక్కా! ఇళ్ళు లేవు. తోటలు లేవు. ఫ్రెంచి బడి పైకప్పు ఇంగ్లీషు బడిలో పడింది. మనుషులందరూ ఉన్నారు."

"అందరూ?"

"అందరూ. సముద్రం నల్లబడగానే పిల్లలు 'మంచొస్తోంది, మంచొస్తోంది' అని ఊరంతా పరిగెత్తారు. ముసలాళ్ళని చేతులు పట్టి లాక్కొచ్చి చర్చిలో పడేశారు. మధ్యలో గాలి ఆగితే మగాళ్ళు పడవలు చూసొస్తామని లేచారు. నలభై మంది పిల్లలు తలుపుకి అడ్డంగా పడుకున్నారే! మామయ్య ఒకణ్ణి పక్కకి తొయ్యబోయాడు, వాడు చెయ్యి కొరికాడు. అంతలో రెండో వైపు నుంచి వచ్చింది." చెల్లెలు ఊపిరి తీసుకుంది. "ఊళ్ళో పెద్దాళ్ళంతా ఒకటే అంటున్నారక్కా. మా జన్మలో ఇంత మంచు చూళ్ళేదు అని."

లెయిమాసి ఫోను పెట్టేసి, బల్ల మీద తల ఆనించి, తనివితీరా ఏడ్చింది.

తరువాతి వారం పార్లమెంటు కూడింది. మంత్రిగారి వెనక అధికారుల వరసలో లెయిమాసి కూర్చుంది. మంత్రిగారు గొంతు సవరించుకున్నారు.

"అధ్యక్షా! ఉమ్మడి పాఠ్యప్రణాళిక అమల్లోకి వచ్చాక ఈ దేశంలో మంచు వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదని సవినయంగా మనవి చేస్తున్నాను."

బల్లలు మోగాయి. ప్రతిపక్షం నుంచి తన్‌బిలి సభ్యుడు మండిపడుతూ లేచాడు.

"అధ్యక్షా, ఇది పచ్చి పక్షపాతం! మలోవాలో మంచు పడింది. పడవలకి పడవలు సాయం పోతోంది. మా తన్‌బిలికి ఒక్క చుక్క మంచైనా ఇచ్చారా? మేం ఈ దేశంలో లేమా? మా పిల్లలు ఆ పుస్తకమే చదవట్లేదా?"

"సిగ్గు! సిగ్గు!" అన్నారు వెనక వరసలవాళ్ళు.

మంత్రిగారు వెనక్కి వంగి గుసగుసగా అడిగారు. "అమ్మాయ్, మన దగ్గర ఇంకా మంచు ఉందా?"

"సార్, అది..."

"ఉందా లేదా చెప్పు. వాళ్ళు అవిశ్వాసం పెట్టేట్టున్నారు."

"ఉంటుంది సార్" అంది లెయిమాసి. "ఏటా వస్తుంది."

మంత్రిగారు తేటపడ్డ మొహంతో లేచారు. "అధ్యక్షా! ఈ ప్రభుత్వానికి దీవుల మధ్య తేడాలు లేవు. వచ్చే ఏడాది నుంచి దేశంలో ప్రతి దీవికీ సమానంగా మంచు అందజేస్తాం. ఇది నా హామీ!"

తన్‌బిలి సభ్యుడు శాంతించాడు. మొట్టమొదటిసారి ప్రతిపక్షం కూడా బల్లలు చరిచింది. స్పీకరుగారు కళ్ళద్దాలు సవరించుకుని, ముందుగా ఏ దీవికి కావాలని సభను అడిగారు.

చేతులన్నీ ఒక్కసారి లేచాయి.