పరుగు చొక్కాకు పత్తి జేబు

మనిషి కాళ్ళతో పరుగెత్తుతాడనేది పూర్వకాలపు మూఢనమ్మకం. సుదూర పరుగుల నియంత్రణ మండలి ఏడేళ్ళు పరిశోధించి, మధ్యలో రెండుసార్లు అలసిపోయి, ఆ నమ్మకాన్ని శాశ్వతంగా రద్దు చేసింది. మనిషి పరుగెత్తేది చొక్కాతో. కాళ్ళు ఆ చొక్కాను ఒకచోటి నుంచి మరొకచోటికి చేరవేసే ఉపకరణాలు మాత్రమే. (విచారణలో కాళ్ళ తరఫున ఎవరూ హాజరు కాలేదని నివేదికలోనే రాసుంది.)

ఈ సంగతి తెలియక ఇరవై ఎనిమిదేళ్ళుగా కాళ్ళనే నమ్ముకుని బతుకుతున్నవాడు ఒక పోస్ట్‌మ్యాన్. రోజూ పొద్దున్నే సంచి భుజాన వేసుకుని పదహారు వీధులు, వాటిలోని మేడలన్నీ ఎక్కి దిగుతాడు. ఏ గేటును కాస్త పైకెత్తి తోయాలో, ఏ కుక్కను పలకరించాలో, ఏ కుక్కను చూడనట్టు పోవాలో, ఏ గుమ్మంలో ఉత్తరం ఇచ్చి ఊరుకోకుండా చదివి కూడా పెట్టాలో అతనికే తెలుసు. ఆదివారం వస్తే అతని కాళ్ళు వాటంతటవే గుమ్మందాకా వెళ్ళి, సెలవని గుర్తొచ్చి వెనక్కి వచ్చేవని భార్య చెబుతుంది.

అలాంటివాడి నెత్తిన ఒక సర్క్యులరు వచ్చి పడింది. యాభై నిండిన బట్వాడా సిబ్బంది ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పూర్తి చేసినట్టు మండలి నుంచి ధ్రువపత్రం తేవాలి. తేలేనివారిని ఆఫీసు కింద, నేలమాళిగలోని సంచుల గదికి మారుస్తారు. అక్కడి పని ఖాళీ సంచుల్ని దులపడం, మడవడం. కిటికీ లేదు. అంతకుముందు అక్కడ పనిచేసిన మనిషి రిటైరైన రోజు బయటికొచ్చి, ఎండను చూసి ఎవరో లైటు ఆర్పడం మరిచిపోయారనుకుని స్విచ్చు కోసం గోడంతా తడిమాడట.

పోస్ట్‌మ్యాన్ సూపరింటెండెంటు ముందు నిలబడ్డాడు. "సార్, నేను రోజూ తిరుగుతూనే ఉన్నా కదా. మీరు చెప్పిన దూరం మధ్యాహ్నానికే అయిపోతుంది."

"తెలుసయ్యా. మా ఇంటికొచ్చేదీ నువ్వేగా," అన్నాడు సూపరింటెండెంటు జాలిగా. "కానీ అది ఉద్యోగం. ఉద్యోగంలో తిరిగింది తిరుగుడు కిందికి రాదు. సెలవు పెట్టి తిరగాలి."

మండలి కౌంటరులో గుమాస్తా పేరు అడగలేదు, వయసు అడగలేదు. "చొక్కా?" అంది.

"తొడుక్కునే వచ్చానమ్మా."

ఆమె కళ్ళద్దాలు దించి చూసింది. "పత్తి," అంది, కడుపులో గడ్డ ఉందని చెప్పే డాక్టరు గొంతుతో. "పత్తి వర్గం యాభై ఐదు నిమిషాలు ఆలస్యంగా బయలుదేరాలి. గడియారం మాత్రం అందరికీ ఆరింటికే మొదలవుతుంది. పదింటికి ఆగిపోతుంది."

"మాకెందుకమ్మా ఆలస్యం?"

"పత్తి చొక్కాలవాళ్ళు వెనకబడతారని నివేదిక."

"వెనక బయలుదేరితే వెనకే కదమ్మా ఉంటారు?"

"నివేదికలో ఉన్నది అదే," అంది గుమాస్తా, తన మాట ఇంత త్వరగా అర్థం చేసుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నట్టు.

ఇంటికి పోతూ దారి పొడవునా అతనికి సంచుల గదే కళ్ళముందు కదిలింది. మర్నాడు పొద్దున్నే పరుగు చొక్కాల షోరూముకు వెళ్ళాడు. అందులో అమ్మేవాళ్ళు లేరు, సలహాదారులున్నారు. ఒక సలహాదారు అతన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని వాకబు చేసి, ఆ తర్వాత ధర చెప్పాడు.

పోస్ట్‌మ్యాన్ రెండో గ్లాసు నీళ్ళు తనే తెచ్చుకు తాగాడు. "ఈ చొక్కాలో ఏముంది బాబూ అంత?"

"ఏమీ లేదు సార్. అదే దీని గొప్ప," అన్నాడు సలహాదారు. "బరువు డెబ్భై గ్రాములు. ఆ పక్కది యాభై, దానికి రెట్టింపు. అదిగో, ఆ అద్దాల పెట్టెలోది పదకొండు గ్రాములు."

"పెట్టె ఖాళీగా ఉందే?"

"అందరూ అలాగే అంటారు సార్. ఒకాయన కొనుక్కెళ్ళి మూడు నెలలు వాడాక తెలిసిందట, మేం ప్యాక్ చేయడం మరిచిపోయామని. ఆయన తిరిగిచ్చేయలేదు. చాలా హాయిగా ఉంది, ఇంకోటి ఇమ్మన్నాడు."

పోస్ట్‌మ్యాన్ డెబ్భై గ్రాములది కొన్నాడు. భార్య కొత్త కుట్టుమిషను కోసం దాచుకున్నదంతా అందులోనే పోయింది. ఫోనులో చొక్కాను నమోదు చేయమంటే ఒక సాయంత్రమంతా కూర్చున్నాడు. చొక్కా పేరేమిటి, పుట్టినతేదీ ఎప్పుడు, అలెర్జీలున్నాయా అని అడిగింది యాప్. అత్యవసర పరిస్థితిలో చొక్కా ఎవరిని సంప్రదించాలన్న చోట అతని నంబరు అదే వేసుకుంది. చివరి ప్రశ్న: చొక్కా ధరకు తగినదని భావిస్తున్నారా? జవాబులు రెండు. 'అవును.' 'ఇంత తక్కువకెలా ఇస్తున్నారు?' అతను చాలాసేపు ఆలోచించి మొదటిది నొక్కాడు. (మంచి కొనుగోలుదారులందరూ రెండోదే నొక్కుతారని యాప్ చిన్నబుచ్చుకుంది.)

అతని భార్య టైలరు. ముందుగదిలో మిషను, కిటికీలో హ్యాంగర్లు, మెడలో ఎప్పుడూ టేపు. ఊరుకుని కూర్చుంటే ఆవిడకు తోచదు, ఇంట్లోకి వచ్చిన ఏ బట్టనైనా తిరగేసి కుట్టు చూడాల్సిందే. ఈ చొక్కానూ తిరగేసింది.

"ఏమయ్యా, దీనికి కుట్టేదీ?"

"కుట్టుండదే. అంటించారు."

"అంటించారా! పోస్టాఫీసులో కవర్లకు మల్లేనా?" వేలితో లాగి చూసింది. "లోపల రెండంగుళాలు గుడ్డ వదల్లేదు. రేపు ఒళ్ళొస్తే ఎక్కడ విప్పుతాడంట? ఇన్ని చిల్లులున్న గుడ్డ నా దగ్గరికి ఎవరన్నా తెస్తే ఎలకలున్నాయా ఇంట్లో అని అడుగుదును."

"అవి గాలి కోసమే పిచ్చిమొహమా."

"గాలికి మిషను డబ్బులు పెట్టావన్నమాట," అని చొక్కాను ఇంకోసారి తిప్పి చూసి, ఆవిడ అసలైన లోపం కనిపెట్టింది. "జేబేది?"

జేబు లేదు. ముప్ఫై ఏళ్ళ పనిలో జేబు లేని మగవాళ్ళ చొక్కా ఆవిడ చేతుల మీదుగా ఒక్కటీ బయటికి పోలేదు. అందులోనూ పోస్ట్‌మ్యాన్ పెళ్ళాం. పెన్నెక్కడ పెడతాడు, రసీదు ఎక్కడ పెడతాడు? అతను స్నానం ముగించి వచ్చేసరికి పాత ఖాకీ యూనిఫాం గుడ్డతో ఎడమ ఛాతీ మీద చక్కటి జేబు కుట్టి, మూలలకు డబుల్ టాకా కూడా వేసేసింది.

పరుగుకు ముందురోజు తనిఖీ. వస్త్ర తనిఖీ అధికారి భూతద్దం పెట్టి చూసి, భూతద్దం తీసేసి చూశాడు.

"ఇదేంటి?"

"జేబండీ."

"నాకూ కనిపిస్తోంది. ఏ గుడ్డ?"

"పాత యూనిఫాందండీ... పత్తి."

అధికారి ఈల ఊదాడు. ఇద్దరు మనుషులొచ్చి చొక్కాను పళ్ళెంలో పడుకోబెట్టి, ముగ్గురు సభ్యుల కమిటీ ముందుకు మోసుకెళ్ళారు. జేబు చిన్నదే కదా, వదిలేద్దామన్నాడు మొదటి సభ్యుడు. ఇవాళ ఒకటి వదిలితే రేపు రెండు జేబులతో వస్తారన్నాడు రెండో సభ్యుడు. మూడో ఆయన అధ్యక్షుడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు కాబట్టి ఆలోచిస్తున్నాడని అందరూ గౌరవంగా ఎదురుచూశారు. గంట తర్వాత తీర్పు వచ్చింది. చొక్కా పత్తి కానిది గనుక సాంకేతిక వర్గంలో ఆరింటికి బయలుదేరవలెను. జేబు పత్తి వర్గంలో ఆరు యాభై ఐదుకు బయలుదేరవలెను.

"ఊడదీసి పారేస్తాను సార్, గొడవ వదిలిపోతుంది," అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"ఊడదీయాల్సిందే. కానీ పారేయడానికి లేదు," అన్నాడు అధికారి. "తనిఖీకి వచ్చిన ప్రతి వస్త్రమూ అభ్యర్థే. ఒక అభ్యర్థి రాకపోతే మొత్తం దరఖాస్తు రద్దు."

"జేబు ఎలా పరుగెత్తుతుంది సార్?"

"అది జేబు సొంత విషయం. వాహనం పెట్టుకోవచ్చు."

ఫారంలో వాహనం అన్న గడిలో పోస్ట్‌మ్యాన్ భార్య వివరాలు రాశాడు. చక్రాల సంఖ్య అన్న చోట 'లేవు' అని రాశాడు.

పరుగు రోజు ఆరింటికి అతను బయలుదేరాడు. కాళ్ళకు ఇదంతా కొత్తేమీ కాదు. మూడో కిలోమీటరు దగ్గర కుడివైపు ఇంటి గేటు చూసి ఉత్తరమేమైనా ఉందా అని చెయ్యి సంచి కోసం వెతుక్కుంది కూడా. నాలుగో కిలోమీటరులో చొక్కా కూత పెట్టింది. చెమట పరిశీలకుడొకడు పరిగెత్తుకొచ్చి, ప్లాస్టిక్ కుర్చీ వేశాడు.

"కూర్చోండి సార్. చొక్కా హద్దు దాటింది. గంటకు గ్లాసుడు చెమటే అది పీల్చగలదు. పావుగంట విశ్రాంతి ఇవ్వాలి."

"నాకు అలుపు రాలేదయ్యా!"

"మీకని ఎవరన్నారు?"

చొక్కా విప్పేసి పరుగెత్తుదామంటే అభ్యర్థిని దారిలో వదిలేసిన నేరం. ఏడో కిలోమీటరులో మళ్ళీ కుర్చీ. పదో కిలోమీటరులో, పదమూడులో, పదిహేనులో కుర్చీ. అతని చుట్టుపక్కల సాంకేతిక వర్గంవాళ్ళందరూ వరసగా కుర్చీల్లో కూర్చుని, ఒకరి చొక్కా గురించి ఒకరు ఆరా తీసుకుంటున్నారు, ఆసుపత్రి వరండాలో రోగుల తాలూకు మనుషుల్లాగా.

పదిహేడో కిలోమీటరు కుర్చీలో ఉండగా భార్య వచ్చింది. కాళ్ళకు ఇంటి చెప్పులు, మెడలో టేపు, చేతిలో హ్యాంగరు, హ్యాంగరుకు పిన్నుతో జేబు, జేబుకు 1187-అ అన్న నంబరు. ముప్ఫై ఏళ్ళు మిషను తొక్కిన కాళ్ళు. వాటికి ఇప్పుడు కోపం కూడా తోడైంది.

"ఏంటయ్యా, షికారుకొచ్చినట్టు కూర్చున్నావ్?"

"చొక్కాకు అలుపొచ్చిందే."

"నాకు పదిన్నరకి ట్రయల్‌కొస్తున్నారు. లేస్తావా లేదా?"

"ఇంకో పది నిమిషాలు లేవనివ్వరు. నువ్వు నడువు. జేబుకు టైమైపోతోంది."

ఆవిడ ఒక్క క్షణం నిలబడింది. ఆ చొక్కా వైపు చూసిన చూపుకు నిజానికి అది కరిగిపోవాలి. డెబ్భై గ్రాములే కదా. తర్వాత హ్యాంగరు పైకెత్తి పట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది.

జేబు తొమ్మిదీ నలభై రెండుకు గీత దాటింది. చొక్కా పదీ నాలుగుకు దాటింది. ధ్రువపత్రం జేబు పేర వచ్చింది. (వాహనానికి అరటిపండు ఇచ్చారు.)

పోస్ట్‌మ్యాన్ మండలికి అర్జీ పెట్టుకున్నాడు. తన కాళ్ళలో ఏ లోపమూ లేదని, చొక్కాయే తనను కూర్చోబెట్టిందని, అంత ధర పెట్టినందుకు ఇదేం న్యాయమని. నెల తిరక్కుండా జవాబొచ్చింది. ఆ జవాబు అతనే తన సంచిలోంచి తీసి తన గుమ్మంలో తనకు ఇచ్చుకున్నాడు. 'విచారించగా చొక్కా దాని ధరకు తగినదేనని తేలినది. లోపలి మనిషి చొక్కాకు తగినవాడు కాడు. ఇకముందు కొనునప్పుడు తగిన మనిషిని ఎంచుకొనవలసినదిగా చొక్కాకు సూచించడమైనది.'

సూపరింటెండెంటు ధ్రువపత్రాన్ని వెలుతురుకు పెట్టి రెండుసార్లు చదివాడు. "పేరు జేబు, ఖాకీ అని ఉందేమయ్యా?"

"మా ఆవిడ కుట్టింది సార్. నా పాత యూనిఫాం గుడ్డే."

"అంటే సర్వీసు కూడా ఉందన్నమాట." ఆయన ముఖం వికసించింది, ఫైలు మూసేయడానికి దారి దొరికిన ముఖం అది. "అయితే చిక్కేం లేదు. జేబును బట్వాడాలో ఉంచుతున్నాం. నిన్ను సంచుల గదికి వేస్తున్నాం."

"జేబు మెట్లెక్కలేదు కద సార్!"

"ఎక్కలేదు. అందుకే మధ్యాహ్నం దాకా నిన్ను తోడు పంపుతున్నాం. తాత్కాలికంగానే సుమా. రెండింటికల్లా కిందికి దిగిపోవాలి."

ఆ సాయంత్రం భార్య జేబును అతని పాత చొక్కాకు మళ్ళీ కుట్టింది. ఈసారి దారం నాలుగు పేటలు వేసింది. "జాగ్రత్తయ్యా. ఇది ఊడితే నీ ఉద్యోగం ఊడినట్టే," అంది, దారం పంటితో తెంపుతూ.

మర్నాడు పొద్దున అతను పదహారు వీధులూ తిరిగాడు. అదే గేట్లు, అవే కుక్కలు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైర్డు హెడ్మాస్టరమ్మ తలుపు తీసి, అతన్ని చూసి నవ్వింది.

"హమ్మయ్య, నువ్వే వచ్చావా! నిన్ను మార్చేశారని ఎవరో అంటే కంగారు పడ్డాను నాయనా."

అతను రిజిస్టరు ఉత్తరం చేతికిచ్చి, సంతకం కోసం జేబులోంచి పెన్ను తీశాడు.

"జేబొచ్చిందమ్మా," అన్నాడు. "నేను తోడొచ్చాను."