ఖాళీ అయినట్లు ధ్రువీకరణ

విద్యాశాఖ పోర్టల్‌లోకి ఎక్కించిన పాఠం టీచరు నోట్లోంచి పోతుందన్న సంగతి తూముచెర్ల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆగస్టు మొదటి వారంలోనే తేలిపోయింది, దానికో రిజిస్టరు కూడా తెరిచారు. అంతకు రెండు రోజుల ముందు లెక్కల మాస్టారు బాజీ భిన్నాల పాఠం చెప్పి, వీడియో తీయించుకుని, ఎక్కించారు. మర్నాడు ఏడో తరగతిలో నిలబడి 'సగం' అనబోతే నోట్లోంచి వెచ్చటి గాలి వచ్చింది. మాట రాలేదు. పిల్లలు కాసేపు చూసి పుస్తకాలు మూసుకున్నారు.

హెడ్మాస్టరు వెంగళరెడ్డి ఈ విషయం పైఆఫీసుకు రాశారు. జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. ఇది లోపం కాదు. ఒకే వనరు రెండు చోట్ల ఉంటే డూప్లికేటు కిందికి వస్తుంది. కాబట్టి పాఠం ఎక్కించిన ఇరవై నాలుగు గంటల్లోగా సదరు టీచరు ఖాళీ అయిందీ లేనిదీ ప్రధానోపాధ్యాయుడు సరిచూసి ధ్రువీకరించవలెను. ఎట్లా సరిచూడాలో ఆ కాగితంలో లేదు. ఎట్లా అన్నది ఏ కాగితంలోనూ ఉండదు. వెంగళరెడ్డి ఆలోచించి, మధ్యాహ్న భోజనం బియ్యం తూచే కాటాను వరండాలోకి లాగించారు. ఎక్కించే ముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి టీచరును నిలబెట్టి తూచారు. భిన్నాలు నూట ఎనభై గ్రాములు. మొక్కల్లో పోషణ రెండు వందల నలభై. ఉప్పు సత్యాగ్రహం అరకిలో పైమాటే. తేడా రాసి, కాటా మీద టీచరు ఫోటో తీసి, 'ఖాళీ' అని రాసి సంతకం పెట్టేవారు.

మూడు గంటలు దాటాక సిగ్నలు కుదురుకునేది. పాఠాలు ఆ వేళకే పోయేవి. కిటికీ ఊచల మధ్య నుంచి సన్నటి ఆవిరిలా బయటికొచ్చి, పలకరాయి గనుల మీదుగా, వాననీళ్లు నిలిచిన పాత గుంతల మీదుగా, కొండ మీది టవరు వైపు తేలిపోయేవి. పోయిన దారిలో కొంతసేపు సుద్దముక్క వాసన నిలిచేది. గొర్రెలు తలలెత్తి చూసి మళ్లీ మేతకు దిగేవి. ఇంగ్లీషు పద్యాలు కొంచెం తక్కువ ఎత్తులో పోతాయని, సైన్సు నిటారుగా లేస్తుందని పిల్లలు కనిపెట్టారు. పరీక్షలో ఆ ప్రశ్న రాదు గనుక ఎవరూ రాసుకోలేదు.

డిసెంబరుకల్లా పదకొండు మంది టీచర్లలో పది మంది నూటికి నూరయ్యారు. వాళ్ల పేర్ల పక్కన పచ్చగుర్తు పడింది. వాళ్లు వరండాలో బెంచీల మీద వరసగా కూర్చుని ఎండను చూసేవారు. ఒళ్లు తేలికైందనీ, నిద్ర బాగా పడుతోందనీ, చిన్నప్పుడెప్పుడో ఇట్లా ఉండేదనీ అనుకునేవారు. బడి మామూలుగానే నడిచింది. గంట కొట్టేవారు, హాజరు తీసేవారు, భోజనంలో గుడ్డు పెట్టేవారు.

మిగిలింది లైబ్రరీ చూసే ఎస్తేరమ్మ. ఆమె పుస్తకాలు సెప్టెంబరులోనే ఎక్కాయి. మూడు బీరువాల్లోని వెయ్యీ నూట ఆరు పుస్తకాలు ఒక్క వారంలో తెల్లబడ్డాయి. కాగితం దళసరిగా ఉందని, చిత్తు లెక్కలకు పనికొస్తుందని పిల్లలకు పంచారు. పుస్తకాలు పోయినా ఎస్తేరమ్మ ఖాళీ కాలేదు. ఆమె పని తీరు వేరు. పిల్ల పుస్తకం పట్టదని తెలిస్తే పక్కన కూర్చోబెట్టుకుని కథ సగందాకా చెప్పి, మంచి పట్టులో ఆపేసి, బీరువా తాళం తీసేది. ఇరవై రెండేళ్లుగా తూముచెర్లలో చదివిన వాళ్లందరూ ఆ సగంలోంచి వచ్చినవాళ్లే. ఆ సగాలు కూడా ఒక్కొక్కటే ఎక్కిపోయాయి. ఒకటి మాత్రం ఎక్కలేదు, అది పూర్తి కాలేదు గనుక.

ఆ కథ ఎనిమిదో తరగతి కోటేశ్వరిది. ఆ పిల్ల ఇంట్లోవాళ్లు ఏటా జనవరిలో గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతారు, ఏప్రిల్లో వస్తారు. అట్లా పోయిన పిల్లలు వెనక్కి ఊళ్లోకి వస్తారు గాని బడిలోకి రారు. కోటేశ్వరి రెండేళ్లూ వచ్చింది. ఆరో తరగతిలో పోయే రోజున ఎస్తేరమ్మ ఒక కథ ఎత్తుకుంది. బావిలో పడ్డ బొక్కెన కోసం ఒక పిల్ల దిగుతుంది. అడుగున నీళ్లుండవు, ఒక వీధి ఉంటుంది. అక్కడ ఆపింది. ఏప్రిల్లో మినీలారీ దిగిన పిల్ల కాళ్లు కూడా కడుక్కోకుండా బడికొచ్చి, 'వీధిలో ఎవురున్నారు మేడం' అంది. ఎస్తేరమ్మకూ తెలియదు. అప్పటికప్పుడు కల్పించింది. మరుసటేడు ఇంకో చోట ఆపింది. ఈ ఏడు ఇప్పటికి వీధి చివర తలుపు దాకా వచ్చింది కథ, తలుపు అవతల నుంచి ఎవరో పిల్లను పేరు పెట్టి పిలిచారు. పిల్ల వస్తూ పోతూ ఉన్నంతకాలం కథ సాగుతుంది. కథ సాగుతున్నంతకాలం పిల్ల వస్తుంది. ఎస్తేరమ్మకు తెలిసిన లెక్క ఇదొక్కటే.

పోర్టల్ అసంపూర్ణ వనరులను తీసుకోదు. వెంగళరెడ్డి లైబ్రరీ గది గుమ్మంలో నిలబడి చెప్పారు.

"ఎస్తేరమ్మగారూ, మండలమంతా నూటికి తొంభై తొమ్మిది కాడ ఆగింది. ఆ ఒక్కటీ మీరే."

"కథ అవలేదు సార్."

"ఎప్పటికవుద్ది?"

"ఆ పిల్ల పదో తరగతి గట్టెక్కాలి గదా సార్. ఇంకో రెండేళ్లు."

"అంత పొడుగు కథ రామాయణంలో కూడా లేదమ్మా."

"రామాయణానికి ఆఖరు తేదీ పెట్టలేదు గదా సార్."

వెంగళరెడ్డి నవ్వలేదు. జేబులోంచి కాగితం తీసి చదివారు. నూరు శాతం పూర్తయిన మండలాలకు పిల్లకొక ట్యాబ్ ఇస్తారు. పూర్తి కాని మండలానికి ఇవ్వరు. "ట్యాబ్ వస్తే మీ కోటేశ్వరి కోతల కాడే చదువుకోవచ్చు గదా. మీరు పట్టుకు కూర్చున్న కథ వల్ల ఆ పిల్లకే నష్టం" అన్నారు.  నిజంగానే ట్యాబ్ మిరపతోటల దాకా పోతుంది, ఎస్తేరమ్మ పోలేదు. సరేనంది.

ఎక్కించే పని బళ్ల క్లస్టరు ఆఫీసు నుంచి వచ్చే మాల్యాద్రిది. మంచివాడు, ఇరవై మూడు బళ్లు తిరుగుతాడు, మోటారు సైకిలు దిగకముందే ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ఎస్తేరమ్మ చెబుతుంటే టైపు చేసుకుంటూ పోయి తలుపు దగ్గర ఆగాడు.

"ఎవురు పిలిచింది మేడం?"

"తెలవదు నాయనా. ఆ పిల్ల ఏప్రిల్లో వచ్చి అడిగితే అప్పుడు తెలుస్తది."

"ఏప్రిల్ అంటే ఊరుకోదు మేడం ఇది. ముగింపు అని గడి ఉంది, అది నింపితేగాని ముందుకు పోదు." గడిని నొక్కాడు. అందులో మూడు ఉన్నాయి. సుఖాంతం, నీతి, ఇతరములు. "ఇతరములు పెడితే వివరణ అడుగుద్ది. సుఖాంతానికి ఫోటో కావాలంట. నీతి పెట్టేస్తా."

"ఏం నీతి?"

"బావి అన్నారు గదా." మాల్యాద్రి రెండు వాక్యాలు కొట్టాడు. తలుపు తీస్తే అవతల ఎవరూ లేరు. నీతి: బావుల వద్ద జాగ్రత్తగా ఉండవలెను. పచ్చగుర్తు పడింది. "చూశారా, ఇంతసేపు దానికి" అని, నెత్తిన హెల్మెట్టు పెట్టుకుని తరువాతి బడికి పోయాడు.

ఆ మధ్యాహ్నం ఎస్తేరమ్మ గొంతులోంచి కథ లేచింది. నొప్పేమీ లేదు. గోరువెచ్చటి నీళ్లు మెల్లగా వెనక్కి తీసినట్టు ఉంది. కిటికీ దాటుతూ అది ఒకసారి ఆగింది, తరువాత మిగతావాటి దారినే పోయింది. కాటా మీద కిలో మూడు వందల గ్రాములు తగ్గింది. జిల్లాలో అంత బరువు ఎక్కడా నమోదు కాలేదు. వెంగళరెడ్డి కాటా ముల్లు సరిగా ఉందా అని రెండోసారి తూచారు.

సంక్రాంతి సెలవులకు ముందే ట్యాబులొచ్చాయి. మినీలారీ బయల్దేరే రోజున కోటేశ్వరి లైబ్రరీకి వచ్చింది. ఎక్కడో ఒక చోట ఆపించుకుని, ఆ ఆపిన చోటును మూడు నెలలకు తోడుగా తీసుకుపోవడం ఆ పిల్లకు అలవాటు. ఎస్తేరమ్మ ట్యాబ్ చేతిలో పెట్టి, వేలితో చూపించింది. ఎవరిదో చక్కటి గొంతు, వెనక వీణ, తప్పులేని తెలుగు. కథ నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

పిల్ల తెర వంక చూస్తూనే ఉంది. "తలుపవతల ఎవురూ లేరంట మేడం."

ఎస్తేరమ్మ నోరు తెరిచింది. పిల్ల ముఖం మీద ముంగురులు కొంచెం కదిలాయి.

"నిజంగానే లేరా?"

ఎస్తేరమ్మ మామూలు మాటలు వెతుక్కుంది. మామూలు మాటలు ఎక్కించలేదు గనుక అవి ఉన్నాయి. "అందులో అట్టానే ఉందమ్మా" అంది.

"పేరు పెట్టి పిలిచారు గదా మరి."

"పిలిచారనే ఉంది. లేరని కూడా ఉంది."

పిల్ల ట్యాబ్‌ను ఓణీలో చుట్టుకుంది. "సరే మేడం, పొయ్యొస్తా" అని పోయింది. ఎస్తేరమ్మ వరండాలోకి వచ్చి బాజీ మాస్టారి పక్కన బెంచీ మీద ఖాళీ ఉంటే కూర్చుంది. నిజమే, ఒళ్లు తేలికగా ఉంది. ఎండ పలకరాళ్ల మీద నీళ్లలా కదులుతోంది. ఏదో మరిచిపోయినట్టు ఉందిగాని, ఏమిటో గుర్తుచేసుకోవాలని అనిపించలేదు.

తూముచెర్ల మండలం రాష్ట్రంలో నూరు శాతం పూర్తయిన వాటిలో చేరింది. కోటేశ్వరి హాజరు ఒక్కరోజు తప్పలేదు. ట్యాబ్ తెరిచి ఉంటే హాజరు పడుతుంది, కోసిన కాయల కుప్ప మీద తెరిచి పెట్టినా పడుతుంది. బడిలో ఉన్నప్పుడు ఆ పిల్ల ఇన్ని రోజులు ఎన్నడూ రాలేదని వెంగళరెడ్డి సమావేశంలో చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఇందులో అబద్ధం ఏమీ లేదు.

ఏప్రిల్లో మినీలారీ తిరిగొచ్చింది. కోటేశ్వరి బడికి రాలేదు. రావలసిన పని లేదు, హాజరు పడుతూనే ఉంది. రెండో వారంలో పైఆఫీసు నుంచి తల్లుల కాగితం వచ్చింది. జోలపాటలు ప్రాథమిక పూర్వవిద్య కిందికి వస్తాయి, నెలాఖరులోగా ఎక్కించవలెను. ఆడవాళ్లు ఆధార్ కార్డులు పట్టుకుని వరండా మెట్ల నుంచి గేటు దాకా వరస కట్టారు. ఎందుకని ఎవరూ అడగలేదు. నీడ పడే వైపు చోటు కోసం మాత్రం రెండు మాటలనుకున్నారు. కాటా దగ్గర రాసే పని ఎస్తేరమ్మకు వేశారు, ఖాళీగా ఉంది గనుక.

మూడు దాటాక, పాట ఎక్కించి రెండోసారి తూచే వరసలో కోటేశ్వరి తల్లి వంతు వచ్చింది. చంకలో బిడ్డతోనే కాటా ఎక్కబోతే ఎస్తేరమ్మ ఆపింది. "బిడ్డ బరువు కలుస్తది. దించి ఎక్కమ్మా."

బిడ్డను వెనకనున్న కోటేశ్వరి అందుకుంది. పిల్ల నల్లబడింది, చేతివేళ్లు మిరప ఘాటుకు పొట్టు లేచి ఉన్నాయి. ఎస్తేరమ్మ కలం పట్టుకుని ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఆ పిల్ల ఏదో అడుగుతుందని ఎందుకో కాసేపు ఎదురుచూసింది. కోటేశ్వరి కాటా ముల్లును చూస్తోంది.

"అమ్మది ఎంత మేడం?"

"మూడొందల పది."

"మరి నాదెప్పుడు?"

"పిల్లలది జూన్‌లో. పిల్లలడిగే ప్రశ్నలు ఎక్కించాలంట."

కోటేశ్వరి బిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని ఆలోచించింది. "నా కాడ ఏం లేవు మేడం. మళ్లీ ఇంత ఎండలో ఏం తిరుగుతాంలే, ఇప్పుడే రాసుకోండి."

ఎస్తేరమ్మ వెంగళరెడ్డి వైపు చూసింది. ఆయన రాయండి అన్నట్టు తల ఊపారు, జూన్‌లో ఒక పని తగ్గుతుంది. తూయకుండానే పిల్ల పేరు రాసి, పక్క గడిలో 'ఖాళీ' అని రాసి, సంతకానికి రిజిస్టరు తిప్పింది. కోటేశ్వరి అక్షరం అక్షరం కూడబలుక్కుని, పూర్తి పేరుతో సంతకం పెట్టింది. చక్కటి దస్తూరీ అని ఎస్తేరమ్మ మెచ్చుకుంది. బిడ్డ ఏడుపు ఎత్తుకుంది. తల్లి కాటా దిగి చేతులు చాచింది, జోల ఎత్తుకోబోయి పెదవులు కదిపింది. వరసలో తరువాతి ఆమె మెట్టెక్కింది.