'వద్దు' బటన్

పొద్దున్నే ముసలమ్మ మూడు అట్టల కోడిగుడ్లు తెప్పించి అంగడి ముందు పెట్టింది. తప్పు పూర్తిగా ఆమెది కాదు. "మంచి యూఎక్స్ ఉంటే చాలు పెద్దమ్మా, బేరం దానంతటదే పరిగెత్తుద్ది" అని సుశీల్ కుమార్ ముందురోజు ఫోన్లో అన్నాడు. కావలి నుంచి ఆమె ఉండే బోగోలు చేరేసరికి యూఎక్స్ కాస్తా ఎగ్సయింది.

"చేపల అంగట్లో గుడ్లేంది పెద్దమ్మా?"

"నువ్వే గదబ్బయ్యా మంచి ఎగ్సుండాలన్నావు! ఒక్కోటీ నీళ్ళల్లో వేసి చూసి మరీ తీసుకున్నా."

"అయ్యో, అది యూఎక్స్! అంటే యాప్ వాడేవాళ్ళకు చేతికి సుళువుగా, మనసుకు హాయిగా ఉండటం."

"ఆ ముక్క ముందే తెలుగులో ఏడవచ్చు గదా!"

పుట్టినప్పుడే ముసలమ్మ అని పేరు పెట్టారు. యాభై ఎనిమిదేళ్ళకు ఇప్పుడిప్పుడే పేరు నిలబెడుతోంది. ముప్పై ఏళ్ళు కావలి వీధుల్లో చేపల గంప మోసింది. మోసినన్నాళ్ళూ మోసిన మోకాళ్ళు నిరుడు మోసం చేశాయి. మళ్ళీ గంప ఎత్తితే నడకే ఉండదని డాక్టరు తేల్చేశాడు. కొడుకు శివశంకర్ వేటలో పులి, మాటలో పిల్లి. ఎవరెంతకడిగితే అంతకిచ్చి వచ్చేస్తాడు. అందుకే ఈ యాప్. ఇది ఆడితే ఆమె కూర్చుని అమ్ముతుంది. ఆడకపోతే మళ్ళీ గంపే గతి.

సుశీల్, కావలి నవోమి టీచరు కొడుకు. హైదరాబాదులో యాప్‌లు చేస్తాడు. చిన్నతనమంతా ఈమె తెచ్చిన చేపల పులుసుతోనే గడిచింది కాబట్టి సెలవులకొచ్చి ఊరికే చేసిపెట్టాడు.

ఆ తెల్లవారుజామున శివశంకర్ పడవ నలభై కిలోల వంజరం దించింది. వేసిన ఐసు మధ్యాహ్నం దాకా ఆగుతుంది. ఎనిమిదింటికి కావలిలో పాత వాడుక మనుషులందరికీ కబురు పంపి యాప్ తెరిచారు. పావుగంటలో ఫోను టింగుమంది. ఆపకుండా టింగుటింగుమంది.

"ఎన్నొచ్చినాయబ్బయ్యా?"

"ముప్పైరెండు."

"గంగమ్మ తల్లీ!"

"ముప్పైరెండూ క్యాన్సిల్ పెద్దమ్మా. చేపను ఎంచుకుంటున్నారు, ధర చూస్తున్నారు, 'వద్దు' నొక్కుతున్నారు."

ఆ బటన్ మరీ ఎర్రగా ఊరిస్తోందేమోనని సుశీల్ దానికి బూడిదరంగు పూసి మూలకు నెట్టాడు. జనం వెతికి మరీ నొక్కారు. 'నిజంగా వెళ్ళిపోతున్నారా?' అని అడిగించాడు. అందరూ 'అవును' అన్నారు. కొందరు మళ్ళీ వచ్చి మరోసారి 'అవును' అని పోయారు. ఆఖరికి 'ఎందుకో చెప్పండి' అని ఖాళీ గడి ఒకటి పెట్టాడు. అది మాత్రం చకచకా నిండింది.

పదకొండయింది. ఐసుతోపాటు ఆశలూ కరుగుతున్నాయి. ముసలమ్మ తలమీద గుడ్డ చుట్టకుదురు చేసుకుని గంప అంచు పట్టుకుంది.

"అమ్మా, మోకాళ్ళమ్మా!" అన్నాడు శివశంకర్.

"చేపలు కుళ్ళితే మోకాళ్ళు పెట్టుకుని ఏం జేస్తా? పట్టు."

"నా వల్లే పెద్దమ్మా," అన్నాడు సుశీల్. ఆమెకు చదువు రాదు కాబట్టి గడిలో రాసినవి తనే చదివి వినిపించాడు. "ఎట్టా తిడుతున్నారో విను. 'యాభై తగ్గిస్తేనే.' 'తలకాయ ఊరికే వేస్తే చూస్తా.' 'పక్క అంగట్లో ఇంకా చవక.' 'పోతున్నా. నిజంగానే పోతున్నా.'"

ముసలమ్మ చేతిలో గంప ఆగిపోయింది. "ఆ ఆఖరుది రాసిందెవరు?"

సుశీల్ పేరు వెతికి చూశాడు. "మా అమ్మ."

గంప కిందపెట్టి ముసలమ్మ పకపకా నవ్వింది. "పిచ్చోడా, ఇవి తిట్లు కాదు, బేరాలు! మీయమ్మ నాలుగడుగులు ఎనక్కి పోకుండా యానాడన్నా చేప కొనిందా? ఆమె పోవాల, నేను పిలవాల. పాపం, అందరూ పోయి పిలుపుకోసం నిలబడుకోనుండారు. నీ యాప్‌కేమో నోరు ల్యా!"

సుశీల్ క్షణం ఆలస్యం చెయ్యకుండా ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాడు. అరగంటలో 'వద్దు' నొక్కిన ప్రతివారి ఫోన్లోనూ ముసలమ్మ గొంతు కేక పెట్టింది: "రామ్మా, రా! అట్టా పోతావేంది? తలకాయ ఊరికే ఇస్తాలే, రా!" దాని కింద ఒకటే బటన్: 'సరే, వచ్చినా.'

పన్నెండున్నరకు గంప ఖాళీ. శివశంకర్ మోటారుసైకిలు మీద కావలికి రెండు విడతలు తిరిగాడు.

సాయంత్రం నవోమి టీచరు ఇరుగుపొరుగువాళ్ళను నలుగురిని ఆటోలో ఎక్కించుకుని దిగింది. "ఏం ముసలమ్మా, పదకొండు దాకా ఫోను పట్టుకోని కూర్చున్నా. ఒక్కపిలుపు పిలవలేదే? పెద్దదానివైపోయావా?"

సుశీల్ అందరినీ కూర్చోబెట్టి విప్పి చెప్పాడు: మీరు 'వద్దు' అంటే పిలవమని అర్థం, యాప్‌కు 'వద్దు' అంటే పొమ్మని అర్థం. అక్కడే వచ్చింది చిక్కంతా.

"నీకు అక్షరాలు నేర్పింది నేనే గదరా," అంది నవోమి టీచరు. "నా మాట అర్థంగావడానికి ఈమె కావాల్సొచ్చిందా?"

"ఎట్టాగూ అందరూ తిరిగొస్తున్నారు," అన్నాడు సుశీల్ తల గోక్కుంటూ. "ఆ 'వద్దు' తీసేస్తే ఒక నొక్కుడు తగ్గుద్ది పెద్దమ్మా."

"తీస్తే పోయేదెట్టా? పోకపోతే తిరిగొచ్చేదెట్టా?"

సుశీల్ దాన్ని మూలనుంచి నడిమధ్యకు తెచ్చి మళ్ళీ ఎర్రరంగు వేశాడు. అప్పట్నుంచి ముసలమ్మ గంప ముట్టలేదు, అంగట్లో చేప మిగల్లేదు.

'కొంటాను' బటన్‌ను మాత్రం ఇప్పటిదాకా ఎవరూ నేరుగా నొక్కిన పాపాన పోలేదు.